ఫ్యూజన్ రియాక్టర్‌లో వాక్యూమ్ పోతే ధూళి మొత్తం ఒక్కసారే లేస్తుందా?

బరంపురం_ఫిజిక్స్
మాస్టార్లకు నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఐటర్ (ఫ్రాన్స్‌లో కడుతున్న ఫ్యూజన్ రియాక్టర్) సైజు వాక్యూమ్ పాత్రలోకి గాలి చొరబడే ప్రమాదం లెక్క కడుతున్నాను. పాత్ర 1400 ఘనపు మీటర్లు, మొదటి పీడనం 100 పాస్కల్స్, 0.02 చదరపు మీటర్ల కంత, అడుగున 1 మైక్రాన్ టంగ్‌స్టన్ ధూళి. గాలి తోపు రేణువు బరువును దాటితే లేచినట్టు పెట్టాను. మొదటి సెకనులోనే ధూళంతా గాల్లో ఉంటోంది. నమ్మొచ్చా?

రాయగడ_రేణువు
నమ్మకు తమ్ముడూ. ఆ సైజులో రేణువును పట్టి ఉంచేది బరువు కాదు, అంటు. 1 మైక్రాన్ టంగ్‌స్టన్ గోళం బరువు సుమారు 10⁻¹³ న్యూటన్లు. అంటుకునే శక్తి చదరపు మీటరుకు 0.1 జౌల్ అనుకుని జేకేఆర్ సూత్రం (గోళం ఉపరితలానికి ఎంత బలంగా అంటుకుంటుందో చెప్పేది) వేస్తే, నున్నటి ఉపరితలం మీద అంటు బలం 2.4×10⁻⁷ న్యూటన్లు వస్తుంది. అంటే బరువుకు ఇరవై లక్షల రెట్ల పైనే. నిజం గోడ గరుకు కాబట్టి అందులో వందో వంతుకు పడినా బరువు లెక్కలోకే రాదు.

ఆ గరుకుతనం రేణువు రేణువుకూ మారుతుంది. అందుకే అంటుకు ఒకే అంకె పెట్టకు, లాగ్‌నార్మల్ పంపిణీ (విలువల లాగరిథమ్‌లు గంట ఆకారంలో పరుచుకునేది) పెట్టు. ఒకే అంకె పెడితే ధూళి మొత్తం లేస్తుంది, లేదా అసలు లేవదు. నీకు వచ్చింది ఆ మొదటిదే. పంపిణీతో రీక్స్, హాల్ 2001లో ఇచ్చిన రాక్ అండ్ రోల్ మోడల్ (రేణువు ఊగి, దొర్లి ఊడిపోవడాన్ని లెక్కించేది) వాడితే వదులుగా ఉన్నవి క్షణాల్లో పోతాయి, మిగిలినవి కాలానికి విలోమంగా తగ్గుతూ చాలాసేపు లేస్తూనే ఉంటాయి. రేణువు నిట్టనిలువుగా లేవదు, ముందు దొర్లుతుంది. కాబట్టి బలాలు కాదు, మొమెంట్లు (బలాల తిప్పే ప్రభావాలు) పోల్చాలి.

ఇంకొకటి. 100 పాస్కల్స్ దగ్గర గాలి అణువుల సగటు స్వేచ్ఛాపథం 67 మైక్రాన్లు, నీ రేణువు 1 మైక్రాన్. స్టోక్స్ తోపును కన్నింగ్‌హామ్ సవరణతో (పలచని గాలిలో తోపు తగ్గడానికి వేసేది) సుమారు 220తో భాగించాలి. ఇది వదిలేస్తే మొదటి సెకనుల జవాబంతా తప్పే.

జయపురం_సీఎఫ్‌డీ
పై మాట నిజం. గాలి వైపు కూడా చూడండి. లోపలి పీడనం 53.5 కిలోపాస్కల్స్ దాటేదాకా కంత చోక్ అయి ఉంటుంది, అంటే కంతలో గాలి ధ్వని వేగానికి చేరి ప్రవాహం అంతకు మించి పెరగదు. డిశ్చార్జి గుణకం (ఆదర్శ ప్రవాహంలో నిజంగా వచ్చే వంతు) 1 అనుకుంటే సెకనుకు 4.7 కిలోల గాలి, సమ ఉష్ణోగ్రత లెక్కలో సెకనుకు 290 పాస్కల్స్ పెరుగుదల. గోడకు వేడి పోనివ్వకపోతే అదే 400 దాటుతుంది, కాబట్టి గోడను అడియాబాటిక్‌గా (వేడి దాటనిదిగా) వదలకండి.

చొరబడే గాలి జెట్‌లో మాక్ డిస్క్ (ధ్వనిని మించిన గాలి ఒక్కసారిగా నెమ్మదించే షాక్) కంత నుంచి ఉండే దూరం 0.67 × కంత వ్యాసం × బయటి, లోపలి పీడనాల నిష్పత్తి వర్గమూలం. మీ కంత గుండ్రమైతే వ్యాసం 16 సెం.మీ. మొదట్లో డిస్క్ 3.4 మీటర్ల దూరంలో ఉంటుంది, మూడు సెకన్లకు 1.1 మీటరు దగ్గరికి వచ్చేస్తుంది. మెష్ (లెక్క కోసం గాలిని విడగొట్టే గడుల వల) ఒకే చోట సన్నగా చేస్తే షాక్ దాన్ని దాటిపోతుంది. సాంద్రత ఆధారిత సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రాం), షాక్‌తో పాటు మారే అడాప్టివ్ మెష్ తప్పవు. ధూళి మోడల్‌కు గాలి వేగం కాదు, గోడ మీది షియర్ స్ట్రెస్ (గాలి గోడను రాసుకుంటూ లాగే బలం, చదరపు మీటరుకు) ఇవ్వండి. మొదట్లో వేగం భీకరంగా ఉన్నా, సాంద్రత ఘనపు మీటరుకు ఒక గ్రాము చిల్లరే.

బరంపురం_ఫిజిక్స్
చాలా థాంక్స్ అండీ. 20 లీటర్ల చాంబర్‌లో సరిచూడొచ్చా?

పర్లాకిమిడి_వాక్యూమ్
చూడొచ్చు బాబూ. సెకనుకు 300 పాస్కల్స్‌కు 0.6 మి.మీ. కంత చాలు. కానీ పీడనం పెరిగే రేటు కలిసినంత మాత్రాన జెట్ కలవదు, మీ మాక్ డిస్క్ 13 మి.మీ. దగ్గరే ఉంటుంది. కాబట్టి దీనితో అంటు పంపిణీ మాత్రమే తేల్చుకోండి, రియాక్టర్‌కు సాగదీయకండి.

మన వైపు వానాకాలం తేమకు రేణువుల మధ్య నీటి వంతెనలు కట్టి అంటు పెరిగిపోతుంది. పొడిని 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి, లోపలికొచ్చే గాలిని సిలికా జెల్ గుండా పంపండి. బెరీలియం జోలికి వెళ్లొద్దు, విషం. స్టీలు పొడితో మొదలుపెట్టండి, మాస్కు తప్పనిసరి. పంపుకు, చాంబర్‌కు మధ్య కరెంటు పోగానే మూసుకునే సోలినాయిడ్ వాల్వ్ పెట్టండి. లేకపోతే రోటరీ పంపు నూనె వెనక్కి ఎక్కి పొడినంతా ముద్ద చేస్తుంది.