గడ్డి ఎండితే చెక్కు ఇవ్వాలా? అమెరికా ఎల్‌ఎఫ్‌పీ మీద చర్చ

పన్నుకట్టేవాడు:
అమెరికాలో కరువుకి మేత ఎండిపోతే పశువులు పెంచేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఎల్‌ఎఫ్‌పీ అని ఒక సాయం ఉంది. 2008 ఫార్మ్ బిల్లుతో (వ్యవసాయ చట్టం) వచ్చింది, 2014లో శాశ్వతం చేశారు. ప్రీమియం ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేదు. కరువు మ్యాపులో కౌంటీకి (మన జిల్లా లాంటిది) డీ2 రంగు పడి వరసగా 8 వారాలు ఉంటే ఒక నెల మేత డబ్బు ఇచ్చేవాళ్లు. 2025 చట్టం దాన్ని 4 వారాలకి దించింది. అదీ కౌంటీలో ఏ మూల రంగు పడినా చాలు! అవతలి మూల ఎండితే ఇవతల పచ్చగా ఉన్నవాడికీ చెక్కే. దీన్ని సాయం అంటారా, పంపకం అంటారా?

చిన్నమబ్బు:
డీ2 అంటే?

లెక్కలపంతులు:
తీవ్ర కరువు. డీ3, డీ4 ఇంకా ఘోరం, వాటికి ఎక్కువ నెలలు ఇస్తారు. మ్యాపు ప్రతి గురువారం వస్తుంది.

గడ్డివాము:
అన్నా, నేను టెక్సాస్‌లో కౌలు నేల మీద మేకలు పెంచుతున్నాను. పంపకం అన్నారు కాబట్టి చెప్తున్నా. ఇచ్చేది నెల మేత ఖర్చులో 60 శాతమే. అది కూడా మంద తినేదానికి ఒక లెక్క, నా నేల మోయగలిగినదానికి ఇంకో లెక్క వేసి, ఏది తక్కువైతే దాని మీద. మిగతాది నా జేబులోంచే. చుట్టుపక్కల అందరికీ ఒకేసారి గడ్డి పోతుంది కాబట్టి ఎక్కడో దూరం నుంచి లారీలో తెప్పించుకోవాలి. గడ్డి కంటే కిరాయే ఎక్కువ పడిన నెలలున్నాయి.

పన్నుకట్టేవాడు:
నా ప్రశ్న "ఏ మూలైనా" గురించి. దానికి జవాబేదీ?

ఎర్రమట్టి:
మేత నేలకి వాన తగ్గితే డబ్బిచ్చే ఇన్సూరెన్స్ ఉందిగా, పీఆర్‌ఎఫ్ అని. ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే భరిస్తుంది. అది తీసుకోవచ్చు కదా.

గడ్డివాము:
తీసుకున్నా. అది నా చేలో వాన కొలవదు, గ్రిడ్ (మ్యాపు మీద గీసిన పెద్ద గడి) మొత్తానికి లెక్కేస్తుంది. గ్రిడ్‌లో వాన పడింది, నా చేలో పడలేదు. ప్రీమియం పోయింది, క్లెయిమ్ రాలేదు. అప్పుడు "ఏ మూలైనా" అని నా తరఫున ఎవరూ అడగలేదు!

పన్నుకట్టేవాడు:
మళ్లీ మీ మేకల కథే. ఇలా డబ్బులిస్తే జనం నేల గీరుకుపోయేదాకా మేపుతారు.

లెక్కలపంతులు:
నేల మోయగలిగినదానికి మించి ఇవ్వరని గడ్డివాము పైనే రాశారు. ఎక్కువ పశువుల్ని తోలితే ఎక్కువ డబ్బు రాదు.

పన్నుకట్టేవాడు:
కాగితం మీద రాదు. నేను కళ్లారా చూశాను. మాకూ 15 ఆవులుండేవి. వాన తీరు చూసి, గడ్డి వేర్లైనా మిగలాలని ముందుగానే 9 అమ్మేశాం. పక్కాయన ఒక్కటి కూడా అమ్మలేదు. కరువు మొదలయ్యే ముందు 60 రోజుల్లో మన చేతిలో ఉన్న పశువులు, లేదంటే ఆ కరువు వల్ల అమ్మినవే లెక్కట. నేను అంతకంటే ముందే అమ్మాను. ఆయనకి పూర్తి చెక్కు, నాకు మిగిలిన ఆరింటికే. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

చిన్నమబ్బు:
అసలు సంగతి ఇదన్నమాట 😀

గడ్డివాము:
నవ్వకండి, ఆ బాధ నిజమే. కానీ అన్నా, మీకు జీతం ఉండి ఉంటుంది, అమ్మగలిగారు. నేను ఈనే మేకల్ని అమ్మితే మళ్లీ మంద కట్టడానికి ఏళ్లు పడుతుంది. 2025 జనవరి లెక్కకి ఈ దేశంలో ఆవులు, ఎద్దుల సంఖ్య 1951 తర్వాత ఎప్పుడూ లేనంత తక్కువకి పడిపోయింది. కరువుల్లో అమ్ముకుంటూ పోవడం కూడా దానికి ఒక కారణం. మంద నిలబడాలనే కదా ఈ డబ్బు.

పన్నుకట్టేవాడు:
మంద నిలబడాలి సరే. గడ్డి నిలబెట్టినవాడి మాటేంటి? ముందే అమ్మినవాడికీ ఇవ్వమనండి. నేను సాయమే వద్దన్నానా?

గడ్డివాము:
"పంపకం" అన్నదెవరు? పైకెళ్లి చూసుకోండి.

ఎర్రమట్టి:
ఈ గురువారం మ్యాపు వచ్చింది. మా కౌంటీ ఇంకా పసుపు రంగే, డీ0, అంటే ఇంకా కరువు లెక్కలోకి రాదు. గడ్డి మాత్రం కరకరలాడుతోంది.