నమ్మబలుకు: ఏఐ చేసేది ఇదేనా?

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. జనానికి ఏఐ మీద ఎందుకు నమ్మకం కుదరడం లేదన్న విషయంపై ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అంతా బాగానే నడిచింది గానీ ‘హాలూసినేషన్’ దగ్గర కలం ఆగిపోయింది. లేని పుస్తకాన్ని, జరగని కేసును, ఎవరూ అనని మాటను ఉన్నట్టే చెప్పేస్తుంది కదా, దానికి వాడే మాట. 2023లో కేంబ్రిడ్జ్ నిఘంటువు వాళ్లు ‘హాలూసినేట్’ అనే క్రియకు ఈ కొత్త అర్థం చేర్చి, దాన్నే ఆ ఏటి మేటి పదంగా ఎంచుకున్నారు కూడా. తెలుగులో ‘భ్రాంతి’ అని, ‘భ్రమ’ అని రాస్తున్నారు. ‘ఏఐ భ్రాంతి చెందింది’ అని రాసి చదువుకుంటే నాకే ఎలాగో ఉంది. ఇంకేదైనా మాట ఉందా?

సూటిమాట:
హాలూసినేషన్ అనే ఉంచేయండి. రైలును ధూమశకటం అన్నవాళ్లం, ఇక చాలు.

నిఘంటువుల పురుగు:
మీకు ఎలాగో అనిపించడంలో న్యాయం ఉందండీ. తాడును చూసి పామనుకోవడం భ్రాంతి. దానికి చూసేవాడు ఒకడుండాలి, మసక వెలుతురుండాలి, ఎదురుగా తాడుండాలి. దీపం తెస్తే భ్రాంతి పోతుంది. ఈ యంత్రం ముందు తాడే లేదు. ఉన్న మాటల తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది. నిజం చెప్పినప్పుడూ అదే పని, లేనిది చెప్పినప్పుడూ అదే పని. ఒక్క రెండోదాన్నే భ్రాంతి అన్నామంటే, మిగతా వేళల్లో అది కళ్లు తెరుచుకుని చూసే చెబుతోందని ఒప్పుకున్నట్టు. పామును చూసేది మనం. భ్రాంతి ఏదైనా ఉంటే అది చదివేవాడిదే.

నా ఓటు ‘నమ్మబలుకు’కి. నమ్మన్ + పలుకు. ద్రుతం మీద ‘ప’ కాస్తా ‘బ’ అయింది, పాత అచ్చులో అరసున్నతో ‘నమ్మఁబలుకు’ అని కనిపిస్తుంది. ఎదుటివాడు నమ్మేలా పలకడం. చెప్పింది నిజమా, అబద్ధమా అన్నది మాటలో ఎక్కడా లేదు చూడండి. ఉన్నదల్లా పలికే తీరు, వినేవాడి నమ్మకం. ఈ యంత్రానికి ఇంతకంటే సరిగ్గా అతికే మాట నాకు దొరకలేదు.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను వాళ్లు తమ పత్రంలో చూపించారు, ఆ తీర్పులేమో ఎక్కడా లేవు. నన్ను ఆకట్టుకున్నది జరిమానా కాదు. ‘ఈ కేసులు నిజమైనవేనా?’ అని దాన్నే తిరిగి అడిగారు. నిజమైనవేనంది. నమ్మబలకడమంటే అదే.

పల్లకీ మోసేవాడు:
మాట బాగుంది గానీ నాకు పేచీ ఉంది. పేపర్లలో ‘నమ్మబలుకు’ ఎక్కడ కనిపిస్తుంది? నేర వార్తల్లో. పెళ్లి చేసుకుంటానని నమ్మబలికి, రెట్టింపు డబ్బు ఇస్తామని నమ్మబలికి... వెనక దురుద్దేశం లేకుండా ఈ మాట రాదు. యంత్రానికి ఉద్దేశమెక్కడిది? పాపం, అది నా ఉత్తరాలు దిద్దిపెడుతోంది రోజూ. దాన్ని మోసగాళ్ల వరసలో కూర్చోబెట్టడం అన్యాయం.

ఇంకో సభ్యుడు:
అసలు తంటా అంతా ‘కృత్రిమ మేధ’ అన్న పేరులో ఉంది. కృత్రిమ నవ్వు, కృత్రిమ కొరత అన్నట్టు ‘కృత్రిమ’ అంటేనే మనకు దొంగసరుకు. పేరు పెట్టినప్పుడే అనుమానం పెట్టేశాం.

నిఘంటువుల పురుగు:
చిన్నదానికి ముందు జవాబు. పాణిని లెక్కలో కృత్రిమం అంటే ‘చేయడం వల్ల ఏర్పడినది’, వంట వల్ల ఏర్పడింది ‘పక్త్రిమం’ అయినట్టు. మనుస్మృతి చెప్పే పన్నెండు రకాల కొడుకుల్లో కృత్రిమ పుత్రుడూ ఒకడు, అందులో చిన్నచూపేమీ లేదు. తెలుగులో ఆ మాటకు మోసం అన్న అర్థం అంటుకున్న సంగతి నిజమే. కానీ కృత్రిమ శ్వాసను ఎవరైనా అనుమానిస్తారా? ప్రాణం మీదికొచ్చినప్పుడు దాన్నే నమ్ముతాం. పైగా ‘కృత్రిమ’ అన్న మాట వినని దేశాల్లోనూ ఇదే అపనమ్మకం. అమెరికాలో ప్యూ సంస్థ సర్వేలో, రోజువారీ జీవితంలో ఏఐ పెరుగుతుంటే ఉత్సాహం కంటే ఆందోళనే ఎక్కువ అన్నవాళ్లు 2021లో 37 శాతం, 2023కల్లా 52 శాతం.

ఇక ఉద్దేశం సంగతి. యంత్రానికి లేదు, ఒప్పుకుంటాను. అయితే ఆ తొణకని స్వరం దానికి పుట్టుకతో రాలేదు. రకరకాల జవాబులు మనుషులకు చూపించి, ఏది బాగుందో మార్కులు వేయించి, ఆ మార్కులను బట్టి సానబెడతారు. మనిషికి తడబడేవాడి కంటే ధీమాగా చెప్పేవాడే నచ్చుతాడు. ‘నాకు తెలియదు’ అనే సరుకు అమ్మడం కష్టం. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న బయటికొచ్చింది. ఆ తర్వాత పెద్ద కంపెనీలన్నీ పరుగందుకున్నాయి. 2023 మార్చిలో, జీపీటీ-4 అనే ఏఐ మోడల్‌ను మించినవాటి శిక్షణ కనీసం 6 నెలలు ఆపండని ఎందరో శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. పరుగు ఆగలేదు.

కాబట్టి పలికేది యంత్రం, పలికించేవాళ్లు వేరు. ఎయిర్ కెనడా విమాన సంస్థ కేసు వినే ఉంటారు. వాళ్ల చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి రాయితీ గురించి తప్పు చెప్పింది. గొడవ ట్రిబ్యునల్‌కు వెళితే, చాట్‌బాట్ తన పనులకు తానే బాధ్యురాలన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, ఆ ప్రయాణికుడికి డబ్బు ఇప్పించింది. వ్యాకరణం భాషలో చెప్పాలంటే కర్తను పట్టుకుంది.

తెలుగులో ఇది క్రియ చివరే బయటపడుతుంది. ‘ఏఐ ఉద్యోగాలు తీసేసింది’ అని హెడ్డింగ్ పెడుతున్నారు. అదే ఆ ఉద్యోగం పోయినవాణ్ని అడగండి, ‘తీసేశారు’ అంటాడు. ఎవరని చెప్పకపోయినా, ఆ ‘రు’లో మనుషులున్నారు. పేపరువాడి ‘ది’లో లేరు.

పల్లకీ మోసేవాడు:
‘రు’ సంగతి బాగుంది. నా పేచీ సగం వెనక్కి తీసుకుంటున్నా. యంత్రాన్ని మాత్రం వదిలేయండి.

సూటిమాట:
నేనింకా హాలూసినేషన్ దగ్గరే ఉన్నా.

అనువాదకురాలు:
అందరికీ థాంక్స్. మళ్లీ కూర్చుని చూసుకుంటే ఆ మాట వ్యాసంలో ఆరు చోట్ల ఉంది. యంత్రం తప్పు చెప్పిన చోటల్లా ‘లేనిది కల్పించి చెప్పింది’ అని దిద్దాను, పల్లకీ గారి కోసం. ఒక్క వాక్యం మాత్రం కంపెనీల ప్రకటనల గురించి ఉంది, అక్కడ ‘నమ్మబలికారు’ అని రాశాను. ఎడిటర్ గారు ఉంచుతారో కత్తిరిస్తారో చూడాలి. పురుగు గారూ, శీర్షికకు నామవాచకం కావాలంటున్నారు. ‘నమ్మబలకడం’ పొడవైందట. ‘నమ్మబలుకులు’ అనొచ్చా?