ఒకే జ్వరంలో రెండు వైరస్‌లు: రిపోర్టు తప్పా, మన అనుమానం తప్పా?

మిర్యాలగూడ నుంచి:
మా నాలుగేళ్ల మనవడికి మూడు రోజులుగా జ్వరం, దగ్గు ఉన్నాయి. ముక్కులోంచి నమూనా తీసి పీసీఆర్ చేయిస్తే ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ), రైనోవైరస్ (మామూలు జలుబు వైరస్) రెండూ పాజిటివ్ అని వచ్చింది. ఒక వైరస్ ఉన్నచోట రెండోది చేరదని, ల్యాబువాళ్లే పొరబడి ఉంటారని మా బావమరిది వాదిస్తున్నాడు. తెలిసినవారు చెప్పగలరు.

మహబూబ్‌నగర్ నుంచి:
పెద్దలకు నమస్కారం. మీ బావమరిది గారి మాట పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. రైనోవైరస్ సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వెలువరిస్తాయి. దానితో పక్కనున్న కణాలు ముందే జాగ్రత్తపడి, కొన్నాళ్లు మరో వైరస్‌ను పెరగనీయవు. 2009లో ఫ్రాన్స్‌లో స్వైన్‌ఫ్లూ ఆలస్యంగా విజృంభించడానికి అప్పటి రైనోవైరస్ జలుబులు కారణమై ఉండవచ్చని పరిశోధకులు ప్రతిపాదించారు. కానీ ఈ రక్షణ పల్లిచేను చుట్టూ వేసిన ముళ్లకంప వంటిది, మేకకు ఎక్కడో ఒక సందు దొరుకుతూనే ఉంటుంది. పైగా పీసీఆర్ పట్టుకునేది వైరస్ జన్యుపదార్థాన్ని. జలుబు తగ్గిన కొన్ని వారాలకు కూడా పిల్లల ముక్కులో రైనోవైరస్ ఆనవాళ్లు మిగులుతాయి. కనుక రెండోది పోయిన నెల జలుబు తాలూకు శేషం కావచ్చు. భయపడనక్కరలేదు.

నల్లగొండ నుంచి:
చివరి మాటతో నేను ఏకీభవించను. బ్రిటన్‌లో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి, ఇతర వైరస్‌లకు కూడా పరీక్ష చేయించుకున్న 6,965 మంది పెద్దవారిలో 583 మందికి రెండో వైరస్ ఉన్నదని 2022లో ప్రచురించారు. వారిలో ఫ్లూ కలిసినవారికి, కోవిడ్ ఒక్కటే ఉన్నవారితో పోలిస్తే, వెంటిలేటర్ అవసరపడే అవకాశాన్ని సుమారు నాలుగు రెట్లుగా లెక్కకట్టారు.

మహబూబ్‌నగర్ నుంచి:
ఆ లెక్క నిజమే అన్నా, కానీ అది ఆసుపత్రిలో చేరేంత జబ్బుపడిన పెద్దవారిది, అందులోనూ కోవిడ్, ఫ్లూ జంటది. ఫ్లూ, రైనోవైరస్ జంట ఉన్న పసివాడికి దాన్ని ఎలా అన్వయిస్తాం?

నల్లగొండ నుంచి:
అన్వయించనక్కరలేదు, ఒప్పుకుంటాను. అయితే రిపోర్టులో ఫ్లూ ఉన్నది కదా. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు జబ్బు మొదలైన మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ గడువు దాటినా ఐదేళ్లలోపు పిల్లవాడు కనుక డాక్టరుగారిని ఈరోజే అడగవలసిందే. రైనోవైరస్‌కు మందు లేదు, యాంటీబయోటిక్ ఈ రెంటిలో దేనిమీదా పనిచేయదు. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. నలభై, ఆపైన వచ్చినా, డొక్కలు లోపలికి ఎగురుతున్నా ఆగకుండా తీసుకెళ్లండి.

మిర్యాలగూడ నుంచి:
ఇప్పుడే రెండుసార్లు లెక్కపెట్టాను, ముప్పైరెండు వచ్చింది. డొక్కలు ఎగరడం లేదు. మందు సంగతి అడగడానికి సాయంత్రం మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళుతున్నాము; బావమరిదిని కూడా వెంటబెట్టుకుని వెళతాను.