‘లైఫ్ హిస్టరీ స్ట్రాటజీ’ని ‘జీవిత చరిత్ర వ్యూహం’ అంటే సరిపోతుందా?

మొన్న ఒక సైన్సు వ్యాసంలో "జీవిత చరిత్ర వ్యూహాలు" అని కనబడితే, ఎవరి జీవిత చరిత్రా అని రెండు పేరాలు వెతుక్కున్నాను. తీరా చూస్తే అది లైఫ్ హిస్టరీ స్ట్రాటజీకి అనువాదమట. ప్రాణి తనకి దొరికిన తిండినీ కాలాన్నీ ఒళ్లు పెరగడానికి ఎంత, పిల్లల్ని కనడానికి ఎంత, కన్నవాటిని సాకడానికి ఎంత ఖర్చుపెడుతుందన్న లెక్క అది. ఎలుక మూడు వారాలు మోసి అరడజను పిల్లల్ని పెడుతుంది, ఏనుగు ఒక్కదాన్నే 22 నెలలు మోస్తుంది. ఇందులో చరిత్ర ఎక్కడుంది? ఇక వ్యూహం అనగానే ద్రోణుడు గుర్తొస్తాడు, ఎవరో కూర్చుని పన్నాలి. ఎలుక ఏమీ పన్నదు, ఏ తీరున కన్న పిల్లలు ఎక్కువగా బతికి బట్టకట్టాయో ఆ తీరు మిగిలింది, అంతే.

నా బాధేమిటంటే ఈ శాస్త్రానికి కావాల్సిన మాటలు పశువుల సంతలో ఎప్పట్నుంచో ఉన్నాయి. గేదెని కొనేవాడు అడిగేవి ఏమిటి? ఎన్నో ఈత, ఏ వయసులో ఎదకొచ్చింది, ఈతకీ ఈతకీ ఎడం ఎంత, ఇప్పుడు చూడిదా ఒట్టిపోయిందా. జీవశాస్త్రం వాళ్లు పట్టికలు గీసి రాసుకునేవీ దాదాపు ఇవే కదా. ఈనడం గేదెకే కాదు, వరికీ ఉంది. "ఈనగాచి నక్కల పాలు చేసినట్టు" అన్న సామెతలో కనడం వేరు, కాపాడుకోవడం వేరు అన్న సంగతంతా ఉంది.

రిప్లై: బాగుందండీ, కానీ నాకు అసలు చిక్కు ఫాస్ట్, స్లో దగ్గర. ఎలుకలా త్వరగా, ఎక్కువగా కనే తీరు ఫాస్ట్, ఏనుగులా ఆగి, కొద్దిగా కని సాకే తీరు స్లో. 1967లో జీవశాస్త్రవేత్తలు మెకార్థర్, విల్సన్ ఈ రెండు తీరులకి ఆర్, కె అని రెండు అక్షరాలు వాడారు. ఆర్ అంటే సంఖ్య పెరిగే వేగం, కె అంటే ఆ చోటు ఎన్నింటిని మోయగలదో ఆ సంఖ్య. అక్షరాలకి మంచీ చెడూ ఉండదు. తర్వాత ఫాస్ట్, స్లో వచ్చాయి, మనవాళ్లు తొందరపాటు, నిదానం అని రాసేస్తున్నారు. తెలుగులో తొందరపాటు తప్పు, నిదానమేమో ప్రధానం! అనువాదంలోనే తీర్పు ఇచ్చేసినట్టు కాదా?

పోస్టు పెట్టినాయన: సరిగ్గా పట్టుకున్నారు మేడమ్. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఇది ఇంకా ముదురుతుంది. 1991లో బెల్‌స్కీ, స్టైన్‌బర్గ్, డ్రేపర్ అనే పరిశోధకులు ఏమన్నారంటే, చిన్నతనంలో ఇంట్లో గొడవలు, ఆసరా ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని పరిస్థితి ఉంటే ఆ పిల్లలు త్వరగా ఈడేరతారు, త్వరగా పిల్లల్ని కంటారు, ఎదుటివాళ్లని అంత తేలిగ్గా నమ్మరు అని. వాళ్ల వాదన ప్రకారం అది బుద్ధి తక్కువ కాదు, ఆ పరిస్థితికి తగ్గ నడక. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అనే మనకి ఇది కొత్తేం కాదు. దీపం ఎంతసేపు ఉంటుందో తెలియనివాడు త్వరపడితే దాన్ని తొందరపాటు అంటామా, ముందుచూపు అంటామా? అందుకే నేనైతే ‘త్వరగా కనే తీరు’, ‘ఆగి కనే తీరు’ అంటాను. కాస్త పొడుగే, కానీ ఎవర్నీ తిట్టదు.

రిప్లై: ఒక్క మాట. జీవజాతుల మధ్య తేడాకి పుట్టిన మాటల్ని మనుషుల స్వభావాలకి అంటించడమే అసలు తప్పని నా అభిప్రాయం. మనస్తత్వశాస్త్రంలో మనిషిది ఎంత స్లో తీరో కొలవడానికి మినీ కె అని 20 ప్రశ్నల కొలబద్ద ఉంది. అమ్మతో దగ్గరగా పెరిగావా, నీ మతంలో ఎంత పాలుపంచుకుంటావు లాంటివి ఉంటాయి అందులో. ఎన్నో ఏట ఈడేరావు, ఎందర్ని కన్నావు, ఎడం ఎంత? ఒక్కటీ లేదు! మీ సంతలో బేరగాడే నయం. జీవశాస్త్రంలో ఈ విషయం మీద పెద్ద పేరున్న స్టెర్న్స్ కూడా 2020లో రోడ్రిగ్స్‌తో కలిసి, మనస్తత్వశాస్త్రం వాడుతున్న లైఫ్ హిస్టరీ సిద్ధాంతానికీ జీవశాస్త్రంలోని దానికీ పొంతన తక్కువ అని రాశాడు. అంతకు ముందే ఫిలిప్ రష్టన్ అనే మనస్తత్వవేత్త ఆర్, కెలని మనుషుల ఒంటి రంగులకి అంటించి ఎంత కంపు చేశాడో తెలిసిందేగా, శాస్త్రవేత్తలు దాన్ని తోసిపుచ్చారు. అంటే అక్షరాలూ అంత పాపం తెలియనివేం కాదు.

పోస్టు పెట్టినాయన: ఒప్పుకుంటాను. అయితే రెండింటికీ రెండు మాటలుండాలి, అప్పుడు కలిపేసి దొర్లించడం కుదరదు. జంతువులకి ‘కాన్పు–సాకుడు తీరు’, మనుషుల మీద జరిగే సర్వేలకి ఉత్త ‘స్వభావం’ చాలు. ‘వ్యూహం’ రెండు చోట్లా వద్దు.

రిప్లై: మా బర్రెలకి ‘ఈత’ ఓకే సార్. మరి పసిఫిక్ సాల్మన్ చేప ఒక్కసారే గుడ్లు పెట్టి చచ్చిపోతుంది కదా, దాన్నేమంటారు? ‘ఒకే ఈత జీవి’ అని రాస్తే సముద్రం నుంచి ఏటికి ఎదురీదింది కాబట్టి ఆ పేరనుకుంటారు జనం!

పోస్టు పెట్టినాయన: హహ. చేపకి ‘ఒకే కాపు’. వెదురుకీ అదే సరిపోతుంది, పూసి చచ్చిపోతుందిగా. ‘ఈత’ గేదెలకే ఉంచుదాం.