క్లబ్ రేసింగ్‌కి మొదటి బగ్గీ: ఏది కొనమంటారు?

కోటిపల్లి_రేవు:
అందరికీ నమస్కారం. మేం ఉండేది ఇంగ్లండ్‌లో, రీడింగ్ దగ్గర. మా పదకొండేళ్ల వాణ్ణి ఫ్రెండ్ పుట్టినరోజుకని ఒక స్పోర్ట్స్ హాల్‌కి తీసుకెళ్తే, పక్క హాల్లో రిమోట్‌తో నడిపే బుల్లి బగ్గీ కార్ల రేసు జరుగుతోంది. కేకు సంగతి మర్చిపోయి ఇద్దరం గంటన్నర అక్కడే నిలబడిపోయాం. ఇప్పుడు వాడికి ఒకటి కావాలి. నిజం చెప్పొద్దూ, నాకూ కావాలి. నెట్‌లో ఒక 1/8 బగ్గీ (అసలు బండిలో ఎనిమిదో వంతు సైజుది) చూశాను, పెట్టెలోంచి తీసి నడిపెయ్యడమేనట, గంటకి 60 మైళ్లు పోతుందట. 300 పౌండ్ల దాకా పెట్టగలను. కొనెయ్యనా?

స్లిప్పర్_క్లచ్:
ఆగండి సార్, కార్డు జేబులో పెట్టెయ్యండి. మూడు కిలోలు దాటిన బండి ఆ వేగంతో వచ్చి కాలికి తగిలితే ఏమవుతుందో ఆలోచించండి. అది బయట పెద్ద ట్రాక్‌ల సరుకు. హాళ్లలో నడిచేవి 1/10 ఎలక్ట్రిక్ బగ్గీలు, రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), 7.4 వోల్టులు.
ఇంకో మాట. బండి కంటే ముందు నేల చూసుకోండి. కార్పెట్టా, ఆస్ట్రోటర్ఫా (కృత్రిమ గడ్డి), మట్టా? ఎక్స్‌రే కంపెనీ వాళ్లు తమ ఎక్స్‌బీ2 బగ్గీని కార్పెట్‌కి వేరుగా, మట్టికి వేరుగా అమ్ముతారు. మట్టి మీద వెనక చక్రాలు జారతాయి కాబట్టి బరువు కాస్త వెనక్కి జరపాలి. కార్పెట్ మీద గొడవ దీనికి తలకిందులు: పట్టు ఎక్కువై, మలుపులో బండి పల్టీ కొడుతుంది.

బెంజ్_సర్కిల్:
నా కథ చెప్తా, నవ్వుకోండి. మూడేళ్ల క్రితం క్లబ్బులో ఎవరినీ అడక్కుండా, ఆఫర్ ఉందని ఒక రెడీమేడ్ బగ్గీ కొన్నా. పేరెందుకు గానీ, పార్కులో మాత్రం రాకెట్టే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, హాల్లో అలాంటి బండి నా ఒక్కడిదే. రెండో హీట్‌లో (విడత రేసులో) ముందువైపు విష్‌బోన్ (చక్రాన్ని చట్రానికి పట్టి ఉంచే చేయి) విరిగింది. చుట్టూ ఇరవై మంది డబ్బాలు తెరిచి వెతికారు, ఒక్కరి దగ్గరా నా బండిది లేదు. ఆర్డర్ పెడితే మూడు వారాలకి వచ్చింది. పైగా దాని చక్రాల అమరిక వేరే, అందరూ వాడే మినీ స్పైక్ టైర్ల చక్రాలు దానికి ఎక్కవు. చివరికి సగం ధరకి అమ్మేశా.

గోంగూర_గేర్‌బాక్స్:
బెంజ్ తమ్ముడు చెప్పిందే అసలు విషయం. మీ క్లబ్బులో ఎక్కువమంది ఏది నడుపుతున్నారో అదే కొనండి. బండి గొప్పదని కాదు, రాత్రి ఎనిమిదింటికి విరిగిన ముక్క పక్క టేబుల్ మీద దొరుకుతుందని. మా కోవెంట్రీ వైపు షూమాకర్ కంపెనీ కూగర్ బగ్గీలు ఎక్కువ. కంపెనీ నార్తాంప్టన్‌లోనే ఉంది కాబట్టి ముక్కలకి ఇబ్బంది లేదు. ఇంకోచోట అసోసియేటెడ్ కంపెనీ బీ6లే కనిపించొచ్చు. రెండూ మంచివే. మనలాంటి వాళ్ల ల్యాప్ టైం బండి పేరును బట్టి మారదు నాయనా, గోడకి ఎన్నిసార్లు గుద్దామన్నదాన్ని బట్టి మారుతుంది.

కోటిపల్లి_రేవు:
అక్కా, మరి మోటారు రెండు చక్రాల్ని తిప్పేదా, నాలుగింటినీ తిప్పేదా? మావాడు నాలుగే కావాలంటున్నాడు.

గోంగూర_గేర్‌బాక్స్:
నాలుగు చక్రాలది నడపడం తేలిక, బాగుచెయ్యడం కష్టం. డిఫ్‌లు (డిఫరెన్షియల్ గేర్లు) రెండు, బేరింగులు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. రెండు చక్రాలది మలుపులో త్రాటిల్ కాస్త ఎక్కువ నొక్కితే గిర్రున తిరిగిపోతుంది. మొదటి నెల ఏడిపిస్తుంది గానీ, వేలికి బుద్ధి వస్తుంది. నేనైతే టూ వీల్ డ్రైవే అంటాను. మోటారు 13.5 టర్న్, లేదా 17.5 టర్న్ పెట్టండి. టర్నులంటే మోటారులో తీగ చుట్లు, అవి తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. అదీ ఎక్కువనిపిస్తే రేడియోలో (అంటే రిమోట్‌లో) త్రాటిల్ ఎండ్ పాయింట్, ఎంత నొక్కినా దాటని హద్దు, 60 శాతానికి దించెయ్యండి, పిల్లాడికి చెప్పకండి.

స్లిప్పర్_క్లచ్:
నేను అక్కతో ఒప్పుకోను. పదకొండేళ్ల వాడు ప్రతి మలుపులో తిరిగిపోతుంటే నెలలోనే మానేస్తాడు. మావాడు ఫోర్ వీల్‌తోనే మొదలుపెట్టాడు, ఇంకా వస్తున్నాడు. డబ్బు విషయంలో మాత్రం కరెక్టే. కొత్త రేస్ కిట్ అంటే చట్రమూ షాక్‌లూ మాత్రమే, దానికే 400 పౌండ్లు అటూ ఇటూ. మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసేది), సర్వో (స్టీరింగ్ తిప్పేది), రేడియో, బ్యాటరీ, చార్జరు అన్నీ విడిగా. మీ 300కి సెకండ్ హ్యాండే దారి.

గోంగూర_గేర్‌బాక్స్:
సెకండ్ హ్యాండ్ అయితే ఫొటో చూసి కొనకండి, చేత్తో పట్టుకుని చూడండి. షాక్‌ని నొక్కి వదలండి, రాడ్ మీద నూనె తడి ఉంటే సీళ్లు పోయినట్టే. అది చిన్న పని. తర్వాత స్పర్ గేర్‌ని (మోటారు తిప్పే పెద్ద పళ్లచక్రం) బొటనవేలితో కదలకుండా పట్టుకుని వెనక చక్రం ఒకటి తిప్పండి. రెండోది ఎదురు దిక్కున మెత్తగా తిరగాలి. ఇసుక నలిగినట్టు గరగరమంటే డిఫ్ విప్పాల్సిందే, ఆ మేరకు ధర తగ్గించమనండి. అడుగున స్క్రూల తలలు చూడండి. గుండ్రంగా అరిగిపోయి ఉంటే ముందు నడిపినవాడు చవక హెక్స్ కీలతో కుస్తీ పట్టాడని అర్థం. పాత అసోసియేటెడ్ బీ4 దొరికితే దానివి అంగుళాల సైజు కీలు, బీ5 నుంచే మిల్లీమీటర్లకి వచ్చారు. ఇంట్లో ఉన్న మిల్లీమీటర్ల కీలు బీ4కి పట్టవు.

ఎర్రమట్టి:
హైదరాబాద్ నుంచి. మీ కార్పెట్ కష్టాలు చూస్తే ముచ్చటేస్తోంది అన్నా. నాది 1/8 నైట్రో, అంటే ఇంధనంతో నడిచేది, 3.5 సీసీ ఇంజిను, మట్టిలో ఒక గంట నడిపితే కడగడానికి రెండు గంటలు. ముక్కల కోసం విదేశాల నుంచి ఎవరొస్తారా అని చూస్తుంటా. ఒక్క మాట: ఇండియాకి వచ్చేటప్పుడు లైపోలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి. విడి బ్యాటరీలు చేతి సామానులోనే తేవాలి, కనెక్టర్లకి టేపు చుట్టాలి. 100 వాట్ అవర్ల లోపు ఉంటే చాలు, మీ 7.4 వోల్టుల 5000 ఎంఏహెచ్‌ది 37 మాత్రమే.

బెంజ్_సర్కిల్:
రేవు అన్నా, ఇంకొకటి మర్చిపోయా. అయిదు నిమిషాల రేసు అయిపోగానే బండి టేబుల్ మీద పెట్టేసి మార్షల్‌గా వెళ్లాలి. తర్వాతి రేసులో బోల్తా పడిన బండ్లని నిలబెట్టడం మన డ్యూటీ. నేను మొదటిసారి తెలియక శాండ్‌విచ్ తింటూ కూర్చున్నా, మైకులో నా పేరు మూడుసార్లు పిలిచారు.

కోటిపల్లి_రేవు:
అప్‌డేట్. రెండు గురువారాలు ఊరికే వెళ్లి చూశాం. కార్పెట్. పద్నాలుగు బండ్లలో తొమ్మిది కూగర్లే. ఒకాయన కొత్త మోడల్‌కి మారుతూ తన పాతది మోటారుతో, ఈఎస్‌సీతో సహా 190కి ఇచ్చారు. టూ వీల్ డ్రైవే. మావాడు అలిగాడు, రెండు రోజులకి సర్దుకున్నాడు. డిఫ్ అక్క చెప్పినట్టే తిప్పి చూశా, మెత్తగానే ఉంది. ల్యాప్‌లు లెక్కపెట్టే ట్రాన్స్‌పాండర్ క్లబ్బు వాళ్లే అరువిచ్చారు. ఇన్సూరెన్స్ కలిసి వస్తుందని బీఆర్‌సీఏ (బ్రిటిష్ రేడియో కార్ అసోసియేషన్) సభ్యత్వం తీసుకున్నాం.
నిన్న మొదటి రేసు. అందరికంటే ఆఖరు, ముందువాడికి మాకూ ఆరు ల్యాప్‌లు తేడా. రెండో హీట్‌లో ముందు విష్‌బోన్ టప్‌మంది. పక్క టేబుల్ పెద్దాయన తన డబ్బాలోంచి ఒకటి తీసిచ్చి, డబ్బులు వద్దు, వచ్చే వారం కొత్తది తెచ్చివ్వమన్నాడు. ఇంతకీ కుడి, ఎడమ విష్‌బోన్‌లు రెండూ ఒకటేనా, వేరువేరుగా కొనాలా?

గోంగూర_గేర్‌బాక్స్:
పాతది మీ చేతిలో ఉందిగా, దాని మీద అచ్చుపోసిన అక్షరం చూసి చెప్పండి. ఏదైనా సరే, రెండు సెట్లు తెచ్చుకోండి.