తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలా, ఇంగ్లీషు అక్షరాలు చాలవా?

కీబోర్డు పిచ్చోడు

ముందే చెప్పేస్తున్నా, నేను ఇన్‌స్క్రిప్ట్ పక్షం, అంటే తెలుగు అక్షరాలు నేరుగా కీల మీదే ఉండే కీబోర్డు అమరిక పక్షం. పదకొండేళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి, రెండేళ్ల కిందట మారాను. ఇప్పుడు వెనక్కి పొమ్మన్నా పోను. మొన్న వేరే చర్చలో ఒకరు "ఇన్‌స్క్రిప్ట్ గవర్నమెంటు ఆఫీసుల కోసం పెట్టింది, మామూలు మనుషుల వల్ల కాదు" అని రాశారు. ఊరుకోలేక ఇది మొదలుపెడుతున్నా.

మన వల్ల కానంత ఏముందో చూద్దాం. చిన్నప్పుడు పలక మీద దిద్దిన గుణింతం, వర్గాక్షరాలు గుర్తున్నాయి కదా. కీబోర్డు మధ్య వరసలో కుడిచేతి వైపు ప, ర, క, త, చ, ట ఉంటాయి. క కీకి పైన గ, త పైన ద, ప పైన బ, చ పైన జ, ట పైన డ. వత్తు ఖ కావాలా, క కీనే షిఫ్ట్‌తో నొక్కండి. వత్తు ఘ కావాలా, గ కీని షిఫ్ట్‌తో. ఎడమచేతి వైపంతా అచ్చులు: గుడి ఉన్న కీకి పైన గుడిదీర్ఘం, కొమ్ము ఉన్న కీకి పైన కొమ్ముదీర్ఘం. గుడి కీని షిఫ్ట్‌తో నొక్కితే ఇ వస్తుంది. ఎవరో బుర్ర పెట్టి అమర్చిన పట్టిక ఇది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ తెచ్చింది, 1991లో ఇస్కీ అనే భారతీయ లిపుల ప్రమాణంతో పాటు ఖరారైంది. ఇంకో లాభం, హిందీకీ కన్నడానికీ కూడా అదే కీలో అదే అక్షరం ఉంటుంది.

స్పీడు సంగతి. "పలకరింపు" అనడానికి ఇంగ్లీషు అక్షరాల్లో 11 కీలు నొక్కాలి, ఇన్‌స్క్రిప్ట్‌లో 8. "కమలం" అక్కడ 7, ఇక్కడ 4. ఎందుకంటే మన హల్లులో అకారం పుట్టుకతోనే ఉంది, ప్రతిసారీ ఇంగ్లీషు 'ఎ' కొట్టే పని లేదు.

విండోస్‌లో విడిగా ఏమీ దింపుకోనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి భాషల్లో తెలుగు కలుపుకోండి. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే ఇంగ్లీషూ తెలుగూ మారుతుంటాయి. అక్షరాలు ఎక్కడున్నాయో తెలియకపోతే విండోస్, కంట్రోల్, ఓ కలిపి నొక్కండి, తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది, దాని మీద తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. స్టిక్కర్లు కొని అంటించుకోకండి, నెలకల్లా ఊడి వేళ్లకి జిగురు అంటుకుంటుంది (అనుభవం).

ఇప్పుడు తిట్టాలనుకున్నవాళ్లు తిట్టొచ్చు.

డల్లాస్ తెలుగబ్బాయి

తిట్టను గానీ, కీబోర్డు గారూ, మీకు కలిసొచ్చే మాటలే ఏరుకున్నారు. "స్త్రీ" లెక్క చెప్పండి. ఇంగ్లీషులో 5 కీలు, మీ పద్ధతిలో ప్రతి ఒత్తుకీ ముందు పొల్లు కొట్టుకుంటూ పోతే 6. "ప్రింటర్" మాకు 7, మీకు 8. రోజూ మనం రాసే తెలుగులో ప్రింటర్లే ఎక్కువ, కమలాలు తక్కువ.

నేను ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతి) కాలం నుంచి ఉన్నవాణ్ణి. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఒక్కో నంబరు ఇచ్చే ప్రమాణం) ఇంకా మన కంప్యూటర్లలోకి రాని రోజుల్లో, విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు తొంభైలలో ఈమెయిళ్లలో, యూజ్‌నెట్ చర్చల్లో తెలుగు రాసుకున్నది ఆ రాతలోనే. పెద్ద 'ఎన్' అంటే ణ, పెద్ద 'ఎల్' అంటే ళ అని వేళ్లకి ఎక్కిపోయింది. తరవాత లేఖిని అనే వెబ్‌సైటు వచ్చాక అదే అలవాటుతో నేరుగా తెలుగు లిపి వచ్చేసింది. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు కోడ్ కొట్టే చేతులకి సాయంత్రం ఇంకో కీబోర్డు నేర్పడం నాకు అనవసరమైన టెన్షన్.

ఇంకోటి, "సాఫ్ట్‌వేర్" అని మీ ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టి చూపించండి. ట కింద వ ఒత్తు పడకుండా.

కీబోర్డు పిచ్చోడు

సార్, "స్త్రీ" విషయంలో ఒప్పుకుంటున్నా. ఒత్తులు ఎక్కువుంటే నాకు నష్టమే. కానీ ఏ మామూలు పేరా అయినా తీసుకుని లెక్కపెట్టండి, ఒత్తు లేని అక్షరాలే ఎక్కువ తగులుతాయి.

"సాఫ్ట్‌వేర్" మంచి ప్రశ్న. ట్ తరవాత వే కొడితే కంప్యూటర్ రెండిటినీ కలిపేసి వ ఒత్తు పెడుతుంది, అది దాని ధర్మం. కలపొద్దు అని చెప్పడానికి మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టాలి. యూనికోడ్‌లో దాని నంబరు 200సి. వర్డ్‌లో అయితే ట్ కొట్టాక ఇంగ్లీషులోకి మారి 200సి అని కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ నంబరు మాయమై దాని స్థానంలో ఈ కనపడనిది కూర్చుంటుంది. తరవాత తెలుగులోకి వచ్చి వే కొట్టండి. ప్రతిసారీ ఇంత తతంగం ఎవడు చేస్తాడు అంటారా, నేనూ చెయ్యను. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, ఆన్‌లైన్ లాంటివి ఓ పాతిక మాటలు ఆటోకరెక్ట్‌లో పెట్టేసుకున్నా.

అన్నట్టు ఈ కనపడని అక్షరం సామాన్యమైనది కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు మన తెలుగు అక్షరం ఒకటి మెసేజ్‌లో వస్తే చాలు కుప్పకూలిపోయాయి, గుర్తుందా? జ కింద ఞ ఒత్తు, ఆ తరవాత ఈ 200సి, దాని మీద దీర్ఘం. ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మా ఆఫీసులో హిందీవాళ్లు వారం రోజులు "మీ భాష ఫోన్లు పగలగొడుతుందటగా" అని ఏడిపించారు.

డీటీపీ మామ

తమ్ముడూ, మీ ఇద్దరూ ఇంట్లో కూర్చుని కొట్టేవాళ్లు. కూలి కోసం కొట్టేవాడి మాట కూడా విను. టైపు హయ్యర్ పాసయ్యాను, 1998 నుంచి పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, తెలుగుకి అనూ ఫాంట్లు, అందులో ఆపిల్ అనే కీల అమరిక (ఫోన్ల కంపెనీ కాదు). శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, ఎలక్షన్ వస్తే రాత్రంతా పాంప్లెట్లు. కళ్లు మూసుకుని కొడతా. ఈ వయసులో ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటూ కూర్చుంటే ఆ రెండు వారాలు షాపు అద్దె నువ్వు కడతావా?

పైగా ఆ లేఅవుట్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. మా అబ్బాయి ఇన్‌స్క్రిప్ట్ పెట్టి చూపించాడు. మన తెలుగులో పొద్దున, కొడుకు, పొలం, తొందర, ఒక, కొంచెం, ఎన్ని మాటలకి ఒత్వం కావాలి! దాన్ని తీసుకెళ్లి ఎక్కడ పెట్టారు? ఎడమవైపు పై మూల, 1 అంకె పక్కన. ఎత్వం కింద మూల. చిటికెన వేలు సాగదీసి సాగదీసి కొట్టాలి. ఓత్వం, ఏత్వం మాత్రం మధ్య వరసలో దర్జాగా కూర్చున్నాయి. హిందీలో హ్రస్వం ఎ, ఒ లేవు కాబట్టి వాళ్లకి ఇబ్బంది లేదు. వాళ్ల ఇంటికి కట్టి మనకి వరండాలో చోటిచ్చారు.

కీబోర్డు పిచ్చోడు

మామా, ఒత్వం సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. నా చిటికెన వేలు ఇప్పటికీ తిట్టుకుంటుంది. కొటేషన్ గుర్తుల కీని కూడా ట తినేసింది, అవి కావాలంటే ఇంగ్లీషులోకి వెళ్లి రావాలి.

కానీ మీరు రెండు విషయాలు కలిపేస్తున్నారు. లేఅవుట్ ఒకటి, ఫాంటు ఒకటి. మీ పాత అనూ ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంటు లేని ఫోన్‌కి మీ మ్యాటర్ పంపితే పిచ్చి గుర్తులు కనపడేది అందుకే. యూనికోడ్‌లో తెలుగుకి సొంతంగా 128 గదులు కేటాయించారు, ఏ ఫాంటు పెట్టినా క కయ్యే. మీ షాపులో ఇరవై ఏళ్ల ఫైళ్లున్నాయి కదా, అందులో ఒక ఇంటిపేరు వెతకగలరా?

డీటీపీ మామ

వెతుకుతాను తమ్ముడూ, ఎందుకు వెతకను. ఫైండ్‌లో అనూతోనే ఆ పేరు కొడతాను, దొరుకుతుంది. నువ్వు గూగుల్లో వెతుకుతానంటే మాత్రం దొరకదు, శుభలేఖలు గూగుల్లో ఎవరికి కావాలి?

అయినా నీ మాటలో కొంత నిజముంది. ఇప్పుడు కస్టమర్లు మ్యాటరంతా వాట్సాప్‌లో పంపిస్తున్నారు, అదంతా యూనికోడ్. దాన్ని కన్వర్టర్‌లో వేసి మా ఫాంటులోకి తెచ్చుకోవాలి. పోయిన మాఘమాసంలో ఒక శుభలేఖ, పెళ్లికూతురు పేరు చివర లక్ష్మి. కన్వర్ట్ చేసినప్పుడు క్ష కింద మ ఒత్తు ఎగిరిపోయి "లక్షి" అయింది. నేను చూసుకోలేదు, వాళ్లూ ప్రూఫు చూసి సరే అన్నారు. 500 కార్డులు అచ్చయ్యాక ఆ అమ్మాయి మేనత్త పట్టుకుంది. కాగితం ఖర్చు నాదే. ఆ రోజు నుంచి కన్వర్ట్ చేసిన ప్రతి మ్యాటర్‌లో ముందు లక్ష్మిలని వెతుకుతున్నా.

మా అబ్బాయి ఇన్‌డిజైన్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా యూనికోడ్ పోస్తున్నాడు. వరల్డ్ రెడీ కంపోజర్ అని ఏదో ఎంచుకోవాలట, లేకపోతే ఒత్తులు చెల్లాచెదురు. వాడి తరానికి అది సరిపోతుంది.

కరీంనగర్ కలం

నేను కతలు రాస్త, మా యాసల. మొదట్ల ఫోన్ల ఇంగ్లీషు అక్షరాలతోని కొట్టేదాన్ని. "వచ్చిండు" అని కొడితే "వచ్చింది" అని పెడుతది. మగమనిషి నడిమిట్ల ఆడమనిషి అయితడు. ఇట్ల ప్రతి లైనుకు వెనక్కి పోయి దిద్దుకునుడే పని. ఆ పెట్టెకు మా మాటలు తెల్వయి, దానికి తెలిసిన పేపరు భాషనే నా నోట్లె కుక్కుతది.

ఇన్‌స్క్రిప్ట్‌ల ఆ లొల్లి లేదు. నేను ఏ అక్షరం కొడితే అదే పడుతది, అది నాకు చదువు చెప్పది. నాకు పదిహేను రోజులు పట్టింది. స్పీడు గురించి కాదు నేను మారింది.

డల్లాస్ తెలుగబ్బాయి

కలం గారూ, మీ పాయింటు ఒప్పుకుంటాను గానీ అది ఊహించి పెట్టే కీబోర్డుల తప్పు, ఇంగ్లీషు అక్షరాల తప్పు కాదు. ఆర్‌టీఎస్‌లో ఏ అక్షరానికి ఏది అన్నది ముందే ఖాయం, ఊహ లేదు. వచ్చిండు కొడితే వచ్చిండే. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే మా పద్ధతికి చెడ్డపేరు.

కరీంనగర్ కలం

అది నిజమే అన్నా. కానీ పెద్ద ఎన్నా చిన్న ఎన్నా అని యాది పెట్టుకునే బదులు ణ ఎక్కడున్నదో యాది పెట్టుకుంట.

రిటైర్డ్ పంతులమ్మ

నాయనలారా, నాకు మోకాళ్లే కాదు వేళ్లు కూడా నొప్పులే. మనవడు ఫోన్‌లో మైకు బొమ్మ చూపించాడు. 2017లోనే గూగుల్ తెలుగు మాట వినడం నేర్చిందట, నాకు తెలిసింది నిరుడు. మాట్లాడితే రాసేస్తోంది. తప్పులు ఉంటాయి. "కళ" అంటే ఒక్కోసారి "కల" అని రాస్తుంది. ముప్పై ఏళ్లు ఎర్రసిరా పెన్నుతో దిద్దిన చేతికి అదేమీ కొత్త కాదు. చుక్కలు, కామాలు నేనే పెట్టుకుంటాను.

ఒక్క సందేహం. మీరంతా కీబోర్డుల గురించి కొట్టుకుంటున్నారు, మా వీధిలో పిల్లల్లో కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగు రాసేవాళ్లు ఎవరున్నారు?

బీటెక్ బ్యాక్‌లాగ్

మేడమ్ కరెక్టుగా చెప్పారు. అన్నా, మా బ్యాచ్‌లో అందరం వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీషు లిపిలోనే పంపుకుంటాం. అది మార్చి తెలుగు లిపిలో పెట్టాలంటేనే బద్ధకం, ఇంక కీబోర్డు నేర్చుకోవడమా. మీకు టైం ఎక్కువ ఉన్నట్టుంది.

కీబోర్డు పిచ్చోడు

తమ్ముడూ, ఫోన్‌కి నేను కూడా ఇన్‌స్క్రిప్ట్ చెప్పను. ఫోన్‌లో తెర మీదే అక్షరాలు కనపడతాయి, ఏది వాడినా గొడవ లేదు. అమ్మకి "బయల్దేరా" అని పంపడానికి ఎవరూ పదిహేను రోజులు నేర్చుకోనక్కర్లేదు. కంప్యూటర్ మీద రోజూ ఒక పేజీ తెలుగు రాసేవాళ్లకే నా మాట: వికీపీడియాలో రాసేవాళ్లు, కలం గారిలాంటివాళ్లు, పేపరు ఆఫీసుల్లో చేరాలనుకునేవాళ్లు. ముందుపోస్టులో ఈ గీత గీయకపోవడం నా తప్పే.

అయినా నీ బద్ధకానికి ఒక పందెం. నాలుగు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు. రాకపోతే ఇక్కడే వచ్చి నన్ను తిట్టు, ఇన్‌స్క్రిప్ట్‌లోనే తిట్టాలి.

బీటెక్ బ్యాక్‌లాగ్ (అయిదు రోజుల తరవాత)

అన్నా నేను నచ్చాను. ఇది ఇన్‌స్క్రిప్ట్‌లోనే కొడుతున్నా, ఈ మూడు లైన్లకి ఇరనై నిమిషాలు అయింది. మెస్‌కి నెళ్లే టైం కూడా దాటిపోయింది. క ఒక్కటే కె మీద ఉంది, మిగతానన్నీ ఎక్కడెక్కడో పెట్టారు. ఒత్నం కోసం ఆ మూలకి పోయినప్పుడల్లా డీటీపీ మామ గుర్తొస్తున్నాడు.

కీబోర్డు పిచ్చోడు

నువ్వు మాకు ఎప్పుడో నచ్చావు తమ్ముడూ. ఇంగ్లీషు 'వి' మీద న ఉంది, వ దాని పక్కన 'బి' మీద. నేనైతే మొదటి వారం మా మేనేజర్‌కి "సెలవు కాలాలి" అని మెయిల్ పెట్టాను, 'వి' కూడా కాదు, ఏకంగా 'ఎన్' నొక్కాను.

డీటీపీ మామ

నచ్చాను కాదురా అబ్బాయ్, వచ్చాను. ఆపిల్ నేర్చుకో, షాపుకి రా, ఎలక్షన్లప్పుడు పనుంటుంది.