సాయంత్రమైతే అమ్మ "మా ఇంటికి పోతా" అంటోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది తెనాలి. అమ్మకి 74 ఏళ్లు. రెండేళ్ల కిందట న్యూరాలజిస్టు అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) అని తేల్చి డోనెపెజిల్ అనే మందు రాశారు. పగలు పర్వాలేదు. సాయంత్రం ఐదు దాటితే మాత్రం చీరలు మూటగట్టి "మా ఇంటికి పోతా, నాన్న ఎదురుచూస్తుంటాడు" అంటుంది. తాతయ్య పోయి 40 ఏళ్లు. మొదట్లో ఆ మాటే చెప్పేదాన్ని. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేది. అందుకే మానేశాను. ఇప్పుడు "కాఫీ తాగి వెళ్దాం" అని వీధి చివరిదాకా తిప్పి తీసుకొస్తున్నాను. ఒక్కోసారి పనిచేస్తుంది. పోయిన వారం నేను స్నానం చేసి వచ్చేలోగా గేటు తీసుకుని రైల్వే స్టేషన్ దాకా వెళ్లిపోయింది. తెలిసిన ఆటో అతను చూసి తీసుకొచ్చాడు.

ఇంట్లో నేనొక్కదాన్నే. అన్నయ్య డల్లాస్ నుంచి డబ్బు పంపుతాడు, సలహాలు అంతకన్నా ఎక్కువ పంపుతాడు. నేను కుట్టుపని మానేసి ఏడాదైంది.

పెద్దవాళ్ల సాయం కోసం ఉన్న హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఎవరైనా ఫోన్ చేశారా? ఏం సాయం దొరికింది? గుంటూరు, విజయవాడల్లో ఇలాంటివాళ్లని పగటిపూట చూసుకునే చోటు ఉందా? ఆయాని పెట్టుకున్నవాళ్లు నెలకి ఎంత ఇస్తున్నారు?

ఇంకొకటి, అడగడానికి సిగ్గుగా ఉంది. విసుగొచ్చి అమ్మ మీద అరిచిన రోజు మీరేం చేస్తారు?